గిటారు బరువు

తెనాలి, 1993 ఆగస్టు. ఆదివారం ప్రార్థన ముగిసి చర్చి గుడి నుంచి వచ్చాక, కుట్టుమిషను ఉన్న ముందుగదిలో ప్రమీల, ఆమె భర్త అంద్రెయ. అతను పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో బేసు గిటారు వాయిస్తాడు.

"ఇది నా కుట్టు కాదు."

"ఏది?"

"ఇదే. మీ గిటారు బెల్టు. పాత బెల్టుకి నేను వేసిన పట్టీ ఏమైంది?"

"చిరిగిపోయింది."

"చిరిగితే నాకివ్వాలిగా. ఇంట్లో మిషను పెట్టుకుని బయట కుట్టించారా?"

"కుట్టించలేదు. కొన్నాను. విజయవాడలో."

"ఎప్పుడెళ్ళారు విజయవాడ?"

"నేను కాదు. మా ఆర్కెస్ట్రా యజమాని బసవేశ్వరరావుగారు వెళ్తుంటే తెమ్మన్నాను."

"కొన్నాను అన్నారు ఇప్పుడే."

"తెప్పించుకుంటే కొన్నట్టు కాదా? ఏంటి ప్రమీలా, గుడి నుంచి వచ్చి చీరైనా మార్చుకోలేదు, అప్పుడే పోలీసులా కూర్చున్నావు."

"కొట్లో అమ్మే బెల్టుకి ఇలాంటి కుట్టు ఉండదండి. ఇది చేత్తో కుట్టింది. మైనం రాసిన దారం, లాగి లాగి బిగించారు. చెప్పులు కుట్టేవాళ్ళు ఇలా కుడతారు."

"అయితే చెప్పులు కుట్టేవాడే కుట్టి ఉంటాడు. వదిలెయ్."

"ఏ ఊళ్ళో?"

"రేపల్లెలో."

"మరి విజయవాడ ఏమైంది?"

"అబ్బబ్బ! రేపల్లెలోనే. చాలా? విజయవాడంటే ఊరుకుంటావని అన్నాను. భుజం ఒరుసుకుపోతుంటే కాస్త వెడల్పు బెల్టు కుట్టించుకున్నా. అదేమన్నా నేరమా?"

"బెల్టు నేరం కాదు. దానికి అబద్ధం ఎందుకు కావలసి వచ్చిందా అని."

"అబద్ధం కాదు, చిరాకు. అటు పెట్టు దాన్ని."

"గిటారు కూడా తేలికైపోయింది."

"తేలికేంటి?"

"నిన్న మంచం కింద ఊడుస్తూ ఎత్తాను. ఎప్పుడూ రెండు చేతులూ వేసి, ఊపిరి బిగబట్టి ఎత్తేదాన్ని. నిండు బిందెలా లేచేది. నిన్న ఖాళీ బిందెలా పైకొచ్చేసింది, తూలిపడబోయాను. తిప్పి చూస్తే వెనకంతా గింజలు తీసిన దోసకాయలా తవ్వేసుంది."

"చెక్కించాను. అంత బరువు మొయ్యలేక. పక్కటెముకలకి గుచ్చుకోకుండా అంచు కూడా గుండ్రంగా తీయించా."

"ఎవరిచేత?"

"పున్నారావని, రేపల్లెలో. పడవలు చేస్తాడు."

"తెనాలి నిండా వడ్రంగులుంటే రేపల్లె పడవలాయనకా ఇచ్చారు?"

"మంచి పనివాడు. పైగా మాట్లాడడు. ఎందుకు, ఏమిటి అని అడగడు."

"అడగనివాడు కావలసి వచ్చాడా మీకు?"

"నీతో మాట్లాడుతుంటే బోనులో నిలబడ్డట్టుంది నాకు."

"అంత నొప్పిగా ఉందా భుజం?"

"ఊఁ."

"బామ్ రాయమని ఒక్కనాడూ అడగలేదే?"

"నిద్ర పాడుచెయ్యడమెందుకని."

"నా నిద్ర మీద ఇంత జాలి ఎప్పటి నుంచండి? సంగం జాగర్లమూడి పెళ్ళికి వాయించి వచ్చిన రోజు గుర్తుందా? మెడ పట్టేసిందని వీధి వీధంతా వినబడేలా అరిచారు. కర్పూరం వేసి నూనె కాచి నేను రాస్తే, నా ఒళ్ళో తలపెట్టి పడుకున్నారు. ఇప్పుడు గిటారునే చెక్కించుకునేంత నొప్పంటున్నారు, ఒక్కసారి 'అమ్మా' అనగా నేను వినలేదు."

"అలవాటైపోయింది."

"చొక్కా విప్పి ఎన్నాళ్ళయింది?"

"పట్టపగలు ఆ మాటలేంటే?"

"నేను చెప్పేది స్నానం సంగతి. నీళ్ళ గదిలోకి చొక్కాతో వెళ్తారు, చొక్కాతో వస్తారు. పడక వసారాలోకి మార్చారు. ఉక్కపోత అన్నారు. వానాకాలం వచ్చి జల్లు మీద పడుతున్నా మీకు ఉక్కపోతే. తిన్న కంచం మీరే కడిగి విడిగా పెట్టుకుంటున్నారు. గ్లాసు మీద పేరు చెక్కించుకొచ్చారు. ఈ ఇంట్లో ఉన్నదే ఇద్దరం. మీ గ్లాసు ఎవరెత్తుకుపోతారండి?"

"స్టీలు కొట్టువాడు ఊరికే చెక్కుతానంటే సరే అన్నా. దానికీ అనుమానమేనా?"

"దానికొక్కదానికైతే లేదు."

"ప్రమీలా! తలుపు తీసే ఉంది, ఉన్నావా అమ్మాయ్? నా జాకెట్లు అయ్యాయా?"

"చేతులు వెయ్యాలి రాజమ్మత్తా. రేపు తీసుకుందువుగాని."

"సరేలే, తొందరేం లేదు. ఏం అంద్రెయ్యా, ప్రభురాత్రి భోజనానికి లేవకుండా వెనకబల్ల మీదే కూర్చుండిపోయావేం? పోయిన నెలా అంతే. అయ్యగారు గిన్నె పట్టుకుని నీ వంకే చూశారు."

"కడుపులో బాగాలేదత్తా."

"గుటకెడు ద్రాక్షరసం కడుపునేం చేస్తది నాయనా! మనసులో ఏదన్నా ఉన్నవాళ్ళే ఆ గిన్నె దగ్గరికి రాలేరు. నాకెందుకులే. వస్తానమ్మా. చంకలో కాస్త వదులుపెట్టు, పోయినసారి బిగిసిపోయింది."

"అలాగే అత్తా... వెళ్ళింది. ఇప్పుడు చెప్పండి."

"ఏం చెప్పాలి?"

"ఆవిడన్నదే. ఆ గిన్నె ముట్టుకోడానికి మీకు భయమెందుకు?"

"కడుపన్నానుగా."

"గుడికెళ్ళేముందు ఆవకాయ వేసుకుని చద్దన్నం తిన్న కడుపేగా?"

"అందుకే చెడింది."

"బుధవారం ఎక్కడికెళ్ళారు?"

"మళ్ళీ ఇదొకటా? రేపల్లె. రిహార్సలు."

"కృపమ్మ పిన్ని మిమ్మల్ని పొన్నూరు బస్టాండులో చూసింది. బాపట్ల బస్సు ఎక్కుతున్నారట. పిలిస్తే వినబడనట్టు మొహం తిప్పుకున్నారట. రేపల్లెకి పొన్నూరు మీదుగా దారి ఎప్పుడు వేశారండి?"

"కృపమ్మగారికి చూపు ఆనదు."

"నేను కుట్టిన నీలం చారల చొక్కా మాత్రం ఆనింది. బాపట్ల నా పుట్టిల్లు. ఆ ఊరెళ్ళి మా అన్నయ్య ఇంట్లో కాఫీ తాగకుండా మీరు వెనక్కి రావడం నేనెరగను. ఈసారి ఆ వీధి మొహమే చూడలేదు. అంటే అన్నయ్యకి కూడా తెలియకూడని పని ఏదో ఉంది."

"ఎవరో ఎవర్నో చూశారు. అంతే."

"బసవేశ్వరరావుగారు కూడా తప్పే చూశారా? వాళ్ళావిడ జాకెట్ల కోసం వచ్చి చెప్పింది. స్టేజి మీద అందరూ నిలబడితే మీరు స్టూలేసుకుని, గిటారు తొడమీద పెట్టుకుని, ముసలాడిలా వాయిస్తున్నారట. రెండు పాటల్లో బేసు వినపడనే లేదట. వేరే ఆర్కెస్ట్రాలోకి వెళ్ళిపోడానికి వంకలు వెతుకుతున్నాడేమో కనుక్కో అని ఆయన అన్నారట."

"ఆయనా మొదలుపెట్టాడా? చూడు, పున్నారావు వెనక చెక్క మరీ ఎక్కువ తీసేశాడు. మొండెం తేలికైపోయి మెడ బరువైంది. భుజాన వేసుకుంటే మెడ నేల చూపులు చూస్తోంది. ఎడం చేత్తో దాన్ని ఎత్తిపట్టుకోవాలా, తీగ నొక్కాలా? బరువుంచితే భుజం పోద్ది, బరువు తీస్తే చెయ్యి పోద్ది. లీడ్ గిటారు వాడికేం, కొబ్బరిచిప్పంత ఉంటది, ఎగురుతూ వాయిస్తాడు. బేసు మోసేవాడి పాట్లు నీకేం తెలుసు?"

"తెలీదు కాబట్టే అడుగుతున్నా. ఆ ఎడం చెయ్యి చూపించండి."

"ఎందుకు?"

"చూపించండి. చిటికెనవేలు లోపలికి వంగి ఉందేం?"

"తీగలు మందం కదా, పట్టేసింది... ఆ కత్తెరెందుకు తీశావు?"

"బెల్టు విప్పుతాను. లోపల ఏదో పెట్టారు. నొక్కితే అణిగి మళ్ళీ పొంగుతోంది. దూది ఇలా ఉండదు."

"వద్దు. ప్రమీలా, వద్దన్నానా? మెత్తగా ఉందది, నాకు హాయిగా ఉంది, పాడుచెయ్యకు..."

"నల్ల రబ్బరు."

"అవును, రబ్బరు ముక్క. దానికంత రాద్ధాంతం... ఏంటలా చూస్తున్నావు?"

"ఇది మీకు ఎవరిచ్చారు?"

"చెప్పాగా, చెప్పులాయన."

"బజారు చెప్పులకి ఈ రబ్బరు వెయ్యరు. బాపట్లలో ఎవర్ని కలిశారు?"

"ఆ రబ్బరు గుప్పిట్లో దాస్తావేంటి?"

"ఎవర్ని కలిశారు? ఎవరన్నా మీకేమన్నా చెప్పారా?"

"ఏం చెప్తారు?"

"ఏమో. ఏదైనా. ఆ ఊరివాళ్ళు... నా గురించి."

"నీ గురించా? నీ గురించి ఎవరేం చెప్తారు?"

"అదే నేనడుగుతున్నా."

"సరే. విను. ఇంక దాచలేను. ఆడమనిషి."

"ఆఁ?"

"బాపట్లలో ఒక ఆడమనిషి ఉంది. నెలనెలా ఆవిడ దగ్గరికే వెళ్తున్నా. బెల్టు ఆవిడే కుట్టించి ఇచ్చింది. వసారా, కంచం, గుళ్ళో లేవకపోవడం, అన్నీ అందుకే. తిట్టు, కొట్టు, మీ అన్నయ్యని పిలిపించు. ఏంచేసినా సరే, ఇంక అడక్కు."

"ఆడమనిషా?"

"అవును."

"అంతేనా?"

"అంతేనా ఏంటే! మొగుడు ఇంకోదాని దగ్గరికి వెళ్తున్నానంటే అంతేనా అంటావా?"

"ఆవిడ పేరేంటి?"

"పేరు... మీనాక్షి."

"పేరుకి అంతసేపు ఆలోచించారేం?"

"సిగ్గేసి."

"ఏంచేస్తుంది?"

"ఇంట్లోనే ఉంటుంది."

"ఎలా ఉంటుంది?"

"ఉంటుంది మామూలుగా. చామనఛాయ."

"మిమ్మల్ని చూసి ఏమీ అడగలేదా? ఈమధ్య బొగ్గులా అయిపోయారు. ముఖం, చేతులు, చెవులు కూడా. ఇలా నల్లబడ్డావేంటని అడగలేదా మీనాక్షి?"

"పెళ్ళి ఊరేగింపులు కదా. ఎండ."

"వానల్లోనా?"

"వానల మధ్య ఎండ రాదా?"

"ఆవిడ దగ్గర చొక్కా విప్పుతారా?"

"ఛీ, ప్రమీలా!"

"విప్పుతారుగా. ఆవిడ దగ్గర విప్పినది నా దగ్గరెందుకు విప్పరు? విప్పండి."

"వద్దే."

"విప్పుతారా, వీధిలోకెళ్ళి రాజమ్మత్తని వెనక్కి పిలవనా? చుట్టుపక్కల అందరూ వినేలా మీనాక్షి పేరు చెప్పనా?"

"నువ్వు ఇట్టాంటిదానివని అనుకోలేదు."

"నేనూ అనుకోలేదు. విప్పండి."

"ఇదిగో. చూడు. బెల్టు మచ్చ. ఒరుసుకుని ఒరుసుకుని రంగుపోయింది. చూశావుగా? తొడుక్కుంటున్నా."

"ఉండండి. అటు తిరిగి కూర్చోండి. కళ్ళు మూసుకోండి."

"ఎందుకు?"

"మూసుకోండి. దూదిపోగుతో ముట్టుకుంటాను. ముట్టుకున్నప్పుడల్లా ఎక్కడో చెప్పండి."

"ఇదేం ఆట?"

"ఆటే అనుకోండి. ఇప్పుడు?"

"మెడ మీద."

"ఇప్పుడు?"

"వీపు. కుడిపక్క."

"ఇప్పుడు?"

"ఏదీ, ముట్టుకో మరి."

"ఇప్పుడు?"

"ఇంకా ముట్టుకోలేదుగా నువ్వు."

"దూది ఎప్పుడో పక్కన పెట్టానండి. ఇది సూది. మచ్చ మీద గుచ్చి పట్టుకున్నాను. నెత్తురు చుక్క కట్టింది."

"ముట్టుకోకు! జరుగు. అవతలికి జరుగు ప్రమీలా. ఆ నెత్తురు అంటుద్ది నీకు. సూది పొయ్యిలో పారెయ్. చేతులు కడుక్కో. సబ్బుతో కడుక్కో, వెళ్ళు."

"బాపట్లలో ఆడమనిషి ఎవరూ లేరు."

"లేరు."

"ఊరి బయట ఆసుపత్రి ఉంది."

"ఉంది."

"చెప్పండి. మీ నోటితో చెప్పండి."

"ఏం చెప్పమంటావు? పెద్దరోగం. కుష్టు. విన్నావా? నీ మొగుడికి కుష్టు."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదట్లో గిటారే అనుకున్నా. ఒట్టు, నిజంగా అనుకున్నా. బెల్టు కింద పావలా కాసంత మచ్చ లేచింది. ఒరుసుకుంటోంది కదా అని తువ్వాలు మడిచి పెట్టుకున్నా. మచ్చ పెరిగింది. బరువు ఎక్కువైందని చెక్కించా. స్టేజి మీద కూర్చుని వాయించా. ఏంచేసినా అక్కడ మొద్దుగానే ఉంది. నొప్పి కాదు ప్రమీలా. నొప్పి ఉంటే బాగుండేది. నిన్ను లేపి బామ్ రాయించుకునేవాణ్ణి. అక్కడ ఏమీ లేదు, అంతే. భుజం ముక్క ఒకటి నాది కానట్టు."

"వేళ్ళు?"

"తర్వాత. చిటికెనవేలు, దాని పక్కది. తీగ మీద పెడతా, నొక్కానో లేదో తెలీదు. చూసుకుంటే వేలు తీగ మీదే ఉంటది, శబ్దం రాదు. బసవేశ్వరరావుగారికి బేసు వినపడలేదంటే అందుకే. ఒకరోజు రేపల్లె స్టేషన్లో టీ తాగుతున్నా. హనుమయ్య లేడూ, మా తబలా ఆయన, 'వేడి గ్లాసు అట్టా పట్టుకున్నావేంట్రా, చెయ్యి కాలుద్ది' అన్నాడు. అప్పుడు చూసుకున్నా. వేలు బొబ్బెక్కి ఉంది. ఆ మర్నాడే బాపట్ల బస్సెక్కా."

"ఆసుపత్రిలో ఏమన్నారు?"

"డాక్టరమ్మకి ముందు గిటారు కథే చెప్పా. నవ్వింది. 'పాపం, ఆ గిటారు మీద నింద వెయ్యకు' అంది. మాత్రలిచ్చింది. నెలకోసారి వచ్చి తన కళ్ళముందు మింగాలంట. ఒళ్ళు నల్లబడేది ఆ మాత్రలకేనంట, మానేశాక మెల్లిగా పోద్దంట. జబ్బు తగ్గిపోద్దంది. తొందరగానే వచ్చావు, వేళ్ళకి రోజూ వ్యాయామం చేయిస్తే పట్టు వస్తుంది, వాయించుకోవచ్చు అంది. బరువు ఒక్కచోటే పడకూడదని, అక్కడ మొద్దుబారిన కాళ్ళవాళ్ళకి మెత్తటి నల్ల రబ్బరు చెప్పులు కుట్టే ఆయన చేత, అదే రబ్బరు పెట్టి ఆ బెల్టు కుట్టించి ఇచ్చింది. మందు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటుకోదని కూడా చెప్పింది."

"అంటుకోదని చెప్పినా మరి వసారా ఎందుకు? గ్లాసెందుకు?"

"డాక్టరు చెప్పగానే భయం పోద్దా? నిద్రలో నా చెయ్యి నీమీద పడితే? గుళ్ళో అందరిదీ ఒకటే గిన్నె. నేను పెదవి పెట్టిన చోటే రాజమ్మత్త పెడితే? లేవాలని కాళ్ళు కదిలేవి, మళ్ళీ కూర్చునేవాణ్ణి. బసవేశ్వరరావుగారికి తెలిసిందనుకో, ఆ పూటే నన్ను వ్యాన్లోంచి దింపేస్తారు. పెళ్ళిపందిట్లోకి ఈ రోగిష్టివాణ్ణి ఎవరు రానిస్తారు? బేసు తప్ప నాకింకేం వచ్చు?"

"నాకు చెప్పొచ్చుగా."

"నీకే చెప్పలేకపోయా. ఆడమనిషంటే నీకు కోపం వస్తుంది. కోపం ఎప్పటికైనా తగ్గుద్ది. దీనికి అసహ్యం వస్తుంది. అది తగ్గేది కాదు. అందుకే నోటికొచ్చిన పేరు చెప్పా."

"నాకు అసహ్యం వేసినట్టుందా?"

"చెయ్యి కడుక్కోలేదు నువ్వు."

"కడుక్కోను."

"ప్రమీలా, పిచ్చిపనులు చెయ్యకు. ఆ చొక్కా ఇలా ఇవ్వు."

"ఇస్తాను. ముందు ఆ నెత్తురు తుడవనివ్వండి. కదలకండి."

"నువ్వు ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?"

"తెలీదు."

"ఒక్కమాట చెప్పు. కళ్ళు మూయించడం, దూదిపోగు, ఆ తర్వాత చెప్పకుండా సూది. డాక్టరమ్మ అచ్చం ఇలాగే చేసింది. ఇది నీకెవరు నేర్పారు?"

"ఆవిడ దూది చేతిలోకి తీసుకుంటూ, 'నిద్రపోయేవు, ఏదన్నా పాట పాడుతూ ఉండు' అంటుందా?"

"అంటుంది... నీకెలా తెలుసు?"

"ఇప్పటికీ అంటోందన్నమాట."

"ప్రమీలా?"

"మన పెళ్ళికి ముందు ఆవిడ కళ్ళముందే నేనూ మాత్రలు మింగానండి. పూర్తిగా తగ్గింది, నిక్షేపంగా పెళ్ళి చేసుకో అని ఆవిడే పంపించింది. మీరు వసారాలోకి పడక మార్చిన రోజు నుంచీ, నా సంగతి మీకెవరో చెప్పేశారనే అనుకుంటున్నాను."